విదేశాల్లో ఎల్‌ఎల్‌ఎం: ఎంఎస్ లెక్క ఇక్కడ పనిచేయదు

ఈ ఎపిసోడ్ ఒక మెసేజ్ వల్ల మొదలైంది. అవనిగడ్డ దగ్గర ఒక ఊరి నుంచి ఓ చెల్లెలు రాసింది. ఐదేళ్ల లా కోర్సు, ఫైనల్ ఇయర్. ఇంట్లో ఎకరంన్నర పొలం ఉందంట. దాన్ని బ్యాంకులో పెట్టి ఎల్‌ఎల్‌ఎంకి లండనో అమెరికానో పంపిస్తానంటున్నారంట వాళ్ల నాన్నగారు. "అన్నా, మా పెదనాన్న కొడుకు ఎంఎస్‌కి వెళ్లి మూడేళ్లలో లోన్ తీర్చేశాడు. నాకూ అలాగే అవుతుందా?" అని అడిగింది.

సూటిగా చెప్పేస్తాను. అలాగే అవుతుందనుకుని పొలం తాకట్టు పెట్టొద్దు. అలాగని వెళ్లొద్దని కూడా నేను అనట్లేదు. ఎల్‌ఎల్‌ఎంకి వేరే లెక్క ఉంది, ఆ లెక్క తెలిసి వెళ్లాలి. ఇవాళ మొత్తం దాని గురించే.

ముందే ఒక మాట. నేను లాయర్ని కాదు. గుడివాడ కుర్రాణ్ణి, బీటెక్ చేశాను, కొన్నాళ్లు కోడ్ రాసుకుని ఇటు వచ్చాను. కాబట్టి ఎంఎస్ లెక్క ఎలా నడుస్తుందో నాకు బాగా తెలుసు, నా బ్యాచ్‌లో సగం మంది అటే వెళ్లారు. ఎల్‌ఎల్‌ఎం లెక్క మాత్రం కూర్చుని చదివి, రూల్స్ చూసి నేర్చుకున్నాను. ఇంకోటి, నాలాంటి బీటెక్ వాళ్లు "నేనూ ఎల్‌ఎల్‌ఎం చేస్తా" అంటే కుదరదు. ఎల్‌ఎల్‌ఎం అంటే లాలో పీజీ. దానికి ముందు ఎల్‌ఎల్‌బీ ఉండాలి. బీటెక్ తర్వాత లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేస్తే అప్పుడు దారి తెరుచుకుంటుంది.

సరే, ఎంఎస్ లెక్క ఏంటి? అమెరికాలో కోర్సు అయిపోయాక ఓపీటీ అని పని చేసుకునే అనుమతి ఇస్తారు. ఎవరికైనా 12 నెలలు. సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్ చదివిన వాళ్లకి, అంటే స్టెమ్ వాళ్లకి, ఇంకో 24 నెలలు కలుస్తుంది. మొత్తం మూడేళ్లు. ఆ మూడేళ్లలో జీతం వస్తుంది, లోన్ తీరుతుంది, హెచ్‌వన్‌బీ లాటరీలో రెండు మూడు సార్లు పేరు వేసుకోవచ్చు. మన పెదనాన్న కొడుకు లోన్ తీర్చింది డిగ్రీతో మాత్రమే కాదు, ఆ మూడేళ్లతో. ఎల్‌ఎల్‌ఎం మామూలుగా స్టెమ్ కాదు. 12 నెలలే. ఆ 12 నెలల్లో ఉద్యోగం వెతుక్కోవాలి, అక్కడ లాయర్‌గా చేయాలంటే ఆ రాష్ట్రం బార్ పరీక్ష కూడా రాయాలి. పేరున్న అమెరికా లా స్కూళ్లలో ట్యూషన్ ఒక్కటే ఏడాదికి 70 వేల డాలర్లు దాటుతుంది. లెక్క మీరే వేసుకోండి.

బ్రిటన్‌లో కోర్సు ఏడాదే. తర్వాత గ్రాడ్యుయేట్ వీసా మీద రెండేళ్లు ఉండొచ్చు. 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకి దాన్ని 18 నెలలకి తగ్గిస్తున్నారు. ఆ తర్వాత అక్కడే ఉండాలంటే స్కిల్డ్ వర్కర్ వీసాకి జీతం మామూలుగా ఏడాదికి 41,700 పౌండ్లు ఉండాలని 2025 జులైలో పెంచారు. పెళ్లయిన వాళ్లకి ఒక విషయం: 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్ కోర్సులకి వెళ్లేవాళ్లు భర్తనో భార్యనో డిపెండెంట్‌గా తీసుకెళ్లడం కుదరదు. "పెళ్లి చేసి ఇద్దర్నీ కలిపి పంపిద్దాం" అనే ప్లాన్ మన వైపు చాలా ఇళ్లలో వింటాం. ఎల్‌ఎల్‌ఎంకి ఆ ప్లాన్ ఆగిపోయినట్టే.

ఇప్పుడు అసలు విషయం. ఎల్‌ఎల్‌ఎం చేసినంత మాత్రాన మీరు అక్కడ లాయర్ అయిపోరు. ఏజెంట్ ఆఫీసులో ఈ ముక్క గట్టిగా చెప్పేవాళ్లు తక్కువ. బ్రిటన్‌లో సొలిసిటర్ అవ్వాలంటే 2021 నుంచి ఎస్‌క్యూఈ అనే పరీక్షలు ఉన్నాయి. వాటికి ఎల్‌ఎల్‌ఎం అక్కర్లేదు. ఇక్కడ ఎన్‌రోల్ అయిన అడ్వకేట్‌కైతే అక్కడివాళ్లకి పెట్టే రెండేళ్ల పని అనుభవం షరతు కూడా వర్తించదు. న్యూయార్క్ సంగతి ఇంకా తమాషా. మన చట్టం కూడా వాళ్లలాగే కామన్ లా నుంచి వచ్చింది కాబట్టి, మన దగ్గర రెగ్యులర్‌గా కాలేజీకి వెళ్లి లా చదివిన వాళ్లలో కొందరికి ఎల్‌ఎల్‌ఎం లేకుండానే అక్కడి బార్ పరీక్ష రాయనిస్తారు. మీ డిగ్రీ సరిపోతుందా లేదా అన్నది న్యూయార్క్ బోర్డు వాళ్లు ముందే కాగితాలు చూసి చెప్తారు. డిగ్రీలో ఏదో ఒక లోటు ఉందంటే, దాన్ని పూడ్చడానికి అక్కడ 24 క్రెడిట్ల ఎల్‌ఎల్‌ఎం చేయమంటారు, అందులో ఏ సబ్జెక్టులు ఉండాలో కూడా వాళ్లే చెప్తారు. అందుకని ఏ అమెరికా యూనివర్సిటీకైనా ఫీజు కట్టే ముందు ఆ బోర్డుకి కాగితాలు పంపి జవాబు తెచ్చుకోండి. ఎల్‌ఎల్‌ఎం అవసరమే లేదని జవాబు వచ్చిందనుకోండి, పొలం జోలికి వెళ్లకుండానే పని అయిపోతుంది.

మరి ఎల్‌ఎల్‌ఎం ఎందుకు చేయాలి? దీనికి కొంచెం వెనక్కి వెళ్దాం.

మన ప్రకాశం బ్యారేజీ మీద ఎన్నిసార్లు వెళ్లి ఉంటారు? బందరు కాలవకైనా, దివిసీమకైనా నీళ్లు అక్కడి నుంచే. ఆ బ్యారేజీకి పేరు పెట్టిన టంగుటూరి ప్రకాశం గారు మొదట రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరు. అప్పట్లో లాయర్లలో గ్రేడులుండేవి. ఆ గ్రేడు ప్లీడరుకి హైకోర్టులో వాదించే హక్కు లేదు. ఆయన 1904లో ఇంగ్లండ్ వెళ్లి, బారిస్టర్ అయి, 1907లో తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీస్ పెట్టారు. అంటే ఆయనకి విదేశీ చదువు ఇక్కడ మూసి ఉన్న తలుపు తీసే తాళంచెవి.

ఆ తలుపు ఇప్పుడు తెరిచే ఉంది. 1961 అడ్వకేట్స్ యాక్ట్ వచ్చాక ప్లీడరు, వకీలు, బారిస్టరు అనే తేడాలు పోయాయి. మచిలీపట్నంలో ప్రాక్టీస్ చేసే అడ్వకేట్ సుప్రీంకోర్టులో కూడా నిలబడి వాదించొచ్చు. మొవ్వ మండలం పెదముత్తేవిలో పుట్టిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ గారు బందరు హిందూ హైస్కూల్లో చదివారు, ఆంధ్రా యూనివర్సిటీలో 1976లో లా పూర్తి చేశారు, సుప్రీంకోర్టు జడ్జి అయ్యారు. ఆయన ఎక్కడికీ ఎల్‌ఎల్‌ఎంకి వెళ్లాల్సిన పని పడలేదు. కాబట్టి ఇక్కడ కోర్టులో ప్రాక్టీసే మీ టార్గెట్ అయితే, ఆ లక్షలు పెట్టే బదులు మంచి సీనియర్ దగ్గర మూడేళ్లు జూనియర్‌గా చేయండి. ఇది నా అభిప్రాయం, గట్టిగానే చెప్తున్నాను.

కానీ కొన్ని పనులున్నాయి. అవి ఇక్కడి కోర్టులో తేలవు. వాటికి ఇక్కడి సిలబస్ సరిపోదు.

ఉదాహరణ మన చెరువు గట్టు మీదే ఉంది. నాగాయలంకలోనో, కృత్తివెన్నులోనో రొయ్య పట్టుబడికి వచ్చిందనుకోండి. కౌంట్ చూస్తారు, రేటు చెప్తారు. 100 కౌంట్ రేటు పడిపోతే అందరూ కొనేవాణ్ణి తిడతారు. ఆ రేటు వెనక వాషింగ్టన్‌లో ఒక ఫైల్ ఉంది. 2005 నుంచి అమెరికా మన రొయ్యల మీద యాంటీ డంపింగ్ సుంకం వేస్తోంది. అంటే "మీరు మా దేశంలో సరసమైన ధర కన్నా తక్కువకి తోస్తున్నారు" అని ఆరోపణ. ప్రతి ఏడాదీ ఆ సుంకం ఎంత ఉండాలో మళ్లీ సమీక్ష చేస్తారు. 2024 చివర్లో దానిమీద ఇంకో సుంకం పడింది, మన ప్రభుత్వం సబ్సిడీలు ఇస్తోందని. 2025 ఆగస్టులో మన సరుకుల మీద సుంకం 50 శాతానికి వెళ్లినప్పుడు చెరువుల దగ్గర ఎలా ఉందో మీరే చూశారు. ఆ చివరిది రాజకీయం, దాన్ని లాయర్ ఆపలేడు. కానీ మొదటి రెండూ పక్కా చట్టం, లెక్కలు, వాదనలు. ఎగుమతి చేసే కంపెనీ తన ఖర్చుల లెక్క ఎలా చూపిస్తుంది, దానికి లాయర్ ఎలా జవాబు రాస్తాడు అన్నదాని మీద శాతాలు మారతాయి. ఇంటర్నేషనల్ ట్రేడ్ లా అంటే ఇది.

ఇంకా పాతది ఒకటుంది. సముద్రంలో రొయ్యల వలల్లో తాబేళ్లు చిక్కుకుంటున్నాయని అమెరికా దిగుమతులు ఆపితే, భారత్, మలేషియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ కలిసి 1996లో డబ్ల్యూటీవోకి వెళ్లాయి. 1998లో తీర్పు వచ్చింది. ప్రపంచంలో ట్రేడ్ లా చెప్పే ఏ క్లాసులోనైనా ఈ కేసు చెప్తారు. అమెరికా పద్ధతి తప్పన్నారు గానీ, తాబేళ్లని కాపాడాలనే ఉద్దేశం తప్పనలేదు. ఆ గొడవ ఇంకా అయిపోలేదు కూడా. వలల్లో తాబేలు బయటికి పోయే పరికరం సరిగా లేదని 2019 నుంచి మన సముద్రపు రొయ్యని అమెరికా కొనడం మానేసింది. మన నాచుగుంట వైపు తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. లండన్ క్లాసులో ఈ కేసు చెప్తున్నప్పుడు, వల ఎలా వేస్తారో, తాబేలు ఎక్కడికి వస్తుందో కళ్లతో చూసిన స్టూడెంట్ మన దివిసీమ పిల్ల ఒక్కతే ఉంటుంది. అప్లికేషన్ ఎస్సేలో రాయాల్సింది ఇదే. "చిన్నప్పటి నుంచీ న్యాయం అంటే నాకు ఇష్టం" అని అందరూ రాస్తారు, దాన్ని చదివి చదివి వాళ్లకి విసుగొచ్చి ఉంటుంది.

ఇలా ఫైళ్లు మన చుట్టూనే ఉన్నాయి. తీరంలో రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు 1996 డిసెంబర్‌లో ఇచ్చిన జగన్నాథ్ కేసు తీర్పు ఎన్విరాన్‌మెంటల్ లాలో పెద్ద తీర్పు. అందులోంచే తర్వాత 2005 కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం దాకా కథ నడిచింది. కృష్ణా నీళ్ల పంచాయితీ సరేసరి. బచావత్ ట్రిబ్యునల్ డెల్టాకి లెక్కగట్టిన 181.2 టీఎంసీలు, 2004లో వేసిన బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్, 2023లో దానికి ఏపీ, తెలంగాణ వాటాల పని అప్పగించడం. నదీ జలాల లా చదవాలనుకునే వాళ్లకి ఇంతకన్నా పెద్ద ప్రయోగశాల ఇంకోటి ఉండదు. బందరు పోర్టు కడుతున్నారు. పోర్టు వచ్చిన చోటుకి చార్టర్ ఒప్పందాలు, సరుకు ఇన్సూరెన్స్, ఓడని కోర్టు ద్వారా ఆపించడం, ఇవన్నీ వస్తాయి. 1611లోనే ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ ఇక్కడ గిడ్డంగి పెట్టుకుంది. అప్పుడు కాగితాలు వాళ్లు రాశారు, మనం సంతకాలు పెట్టాం. ఈసారన్నా రాసే వైపు మనవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటే బాగుంటుంది.

"ఇవన్నీ మనవల్ల అవుతాయా అన్నా" అంటారు. అయ్యాయి కాబట్టే చెప్తున్నాను. సముద్ర చట్టాల మీద అంతర్జాతీయ ట్రిబ్యునల్ జర్మనీలో హాంబర్గ్‌లో ఉంది. 1996లో అది మొదలైనప్పటి నుంచి 2017 దాకా అందులో జడ్జిగా ఉన్న పాటిబండ్ల చంద్రశేఖరరావు గారు మన కృష్ణా జిల్లా ఆయనే. 1999 నుంచి 2002 వరకు దానికి ప్రెసిడెంట్ కూడా. ఇంకొకరు పెమ్మరాజు శ్రీనివాసరావు గారు. యేల్ యూనివర్సిటీలో ఎల్‌ఎల్‌ఎం, డాక్టరేట్ చేశారు, తిరిగొచ్చి మన విదేశాంగ శాఖకి లీగల్ అడ్వైజర్ అయ్యారు, ఐక్యరాజ్యసమితి ఇంటర్నేషనల్ లా కమిషన్‌లో 1987 నుంచి 2006 వరకు ఉన్నారు.

ఈ ఇద్దరి పేర్లూ ఒకే కేసులో కనిపిస్తాయి. 2012 ఫిబ్రవరిలో కేరళ తీరం దగ్గర ఇటలీ ఓడ మీదున్న నావికులు కాల్చితే ఇద్దరు మత్స్యకారులు చనిపోయారు, గుర్తుందా? ఆ గొడవ అంతర్జాతీయ ఆర్బిట్రేషన్‌కి వెళ్లింది. ఐదుగురి ట్రిబ్యునల్‌లో భారత్ తరఫున నియమించింది చంద్రశేఖరరావు గారిని. 2018లో ఆయన చనిపోయాక ఆ కుర్చీలోకి వచ్చింది శ్రీనివాసరావు గారు. 2020లో తీర్పు: నావికుల మీద మనం ఇక్కడ కేసు నడపలేం, కానీ ఇటలీ నష్టపరిహారం ఇవ్వాలి. 10 కోట్లు వచ్చాయి. రెండు కుటుంబాలకి నాలుగేసి కోట్లు, బోటు ఓనర్‌కి రెండు. 2021లో సుప్రీంకోర్టు ఇక్కడి కేసు మూసేసింది. తీర్పు నచ్చని వాళ్లు చాలామంది ఉన్నారు, నాకూ సగమే నచ్చింది. కానీ వేటకి వెళ్లిన మనిషి ప్రాణానికి ఏ దేశంలో, ఏ చట్టం కింద లెక్క చెప్పాలి అన్న ప్రశ్న గిలకలదిండి రేవులో బోటు ఎక్కే ప్రతి ఒక్కరిదీ. ఎల్‌ఎల్‌ఎం విలువ అలాంటి చోట తెలుస్తుంది.

కాబట్టి దేశం ముందు ఎంచుకోకండి, సబ్జెక్ట్ ముందు ఎంచుకోండి. ఓడల లాకి బ్రిటన్‌లో సౌతాంప్టన్, స్వాన్సీ, అమెరికాలో న్యూఆర్లియన్స్‌లోని ట్యులేన్ పేరున్నవి. మాల్టాలో ఐక్యరాజ్యసమితి సముద్ర రవాణా సంస్థ పెట్టిన ఇంటర్నేషనల్ మారిటైమ్ లా ఇన్‌స్టిట్యూట్ ఉంది. అక్కడ సగం సీట్లు ఆడవాళ్లకే కేటాయిస్తారు. ట్రేడ్ లాకి స్విట్జర్లాండ్ వైపు చూడండి, డబ్ల్యూటీవో ఉండేది జెనీవాలోనే. "లండన్‌లో ఏదో ఒక యూనివర్సిటీ" అని వెళ్లి జనరల్ ఎల్‌ఎల్‌ఎం పట్టుకొస్తే, ఇక్కడ దాన్ని చూసి ఎవరూ కుర్చీ వేయరు.

టీచింగ్‌కి వద్దామనుకునే వాళ్లకి ఒక హెచ్చరిక. బార్ కౌన్సిల్ 2020 రూల్స్ ప్రకారం విదేశంలో చేసిన ఏడాది ఎల్‌ఎల్‌ఎం మన ఎల్‌ఎల్‌ఎంతో సమానం కాదు. ఎల్‌ఎల్‌బీ తర్వాత చేసి, ఇక్కడి యూనివర్సిటీలో ఏడాది బోధన అనుభవం ఉంటే సమానంగా చూడొచ్చన్నారు. దీనిమీద సుప్రీంకోర్టులో కేసు పడింది. లెక్చరర్ ఉద్యోగమే లక్ష్యం అయితే పీజీఎల్‌సెట్ రాసి ఇక్కడ రెండేళ్ల ఎల్‌ఎల్‌ఎం చేసుకోవడం క్షేమం.

డబ్బు. స్కాలర్‌షిప్ చూడకుండా లోన్‌కి వెళ్లకండి. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో 125 సీట్లు. అందులో 115 ఎస్సీలకి, మిగతావి సంచార జాతులకి, భూమి లేని కూలీల, చేతివృత్తుల వాళ్ల పిల్లలకి. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు, వయసు 35 లోపు, డిగ్రీలో 60 శాతం, యూనివర్సిటీ క్యూఎస్ ర్యాంకింగ్‌లో 500 లోపు. ఫీజు మొత్తం, పైన బతకడానికి కూడా ఇస్తారు. ఎస్టీలకి వేరే స్కీమ్ ఉంది. మన కూలీ ఇళ్లలో ఇంత పెద్ద స్కీమ్ ఉందని తెలిసిన వాళ్లు చాలా తక్కువ, దయచేసి ఈ ముక్క ఫార్వర్డ్ చేయండి. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవ్‌నింగ్‌కి కులం, ఆదాయం పట్టింపు లేదు, కానీ 2,800 గంటల పని అనుభవం ఉండాలి, చదివాక తిరిగొచ్చి రెండేళ్లు ఇక్కడ ఉండాలి. జూనియర్‌గా మూడేళ్లు చేయమన్నాను చూడండి, అది ఇక్కడ పనికొస్తుంది. రాష్ట్ర ప్రభుత్వ స్కీములు ప్రభుత్వం మారినప్పుడల్లా పేరూ రూల్సూ మార్చుకుంటాయి. కలెక్టరేట్‌లో సోషల్ వెల్ఫేర్, బీసీ వెల్ఫేర్ ఆఫీసుల్లో తాజా జీవో అడగండి, వాట్సాప్‌లో తిరిగే పాత పోస్టర్ నమ్మకండి.

చేతి డబ్బుతో బ్రిటన్ వెళ్లేవాళ్లు: వీసాకి చూపించే సొమ్ము 28 రోజులు అకౌంట్‌లో కదలకుండా ఉండాలి. మన దగ్గర పట్టుబడి డబ్బు రాగానే మేత డీలర్ బాకీకి పోతుంది కదా, ఆ 28 రోజుల్లో ఒక్కరోజు కూడా బ్యాలెన్స్ తగ్గకూడదు. వీసా ఫీజు కాకుండా హెల్త్ సర్‌చార్జ్ ఏడాదికి 776 పౌండ్లు ముందే కట్టాలి. లీజు చెరువు మీద, అసైన్డ్ పట్టా మీద బ్యాంకు చదువు లోన్ ఇస్తుందని ఆశపెట్టుకోకండి, రిజిస్టర్డ్ దస్తావేజు ఉన్న ఆస్తి అడుగుతారు.

ఇక కాగితాలు. ఫైనల్ ఇయర్ అవగానే ముందు బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అవ్వండి. జనరల్ వాళ్లకి 750, ఎస్సీ ఎస్టీలకి 125 రూపాయలు, అంతకన్నా ఎక్కువ తీసుకోవద్దని 2024 జులై 30న సుప్రీంకోర్టు చెప్పింది. తర్వాత మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్. చాలా అమెరికా లా స్కూళ్లకి అది మన యూనివర్సిటీ నుంచే నేరుగా వెళ్లాలి, మనం జిరాక్స్ తీసి పంపితే తీసుకోరు. ఎగ్జామినేషన్ బ్రాంచ్ చుట్టూ తిరగాలి కాబట్టి మూడు నెలలు ముందే మొదలుపెట్టండి.

అన్నిటికన్నా ముందు, ఇవాళే, టెన్త్ మెమో, డిగ్రీ సర్టిఫికెట్, ఆధార్, పాస్‌పోర్ట్ నాలుగూ పక్కపక్కన పెట్టి పేరు చూసుకోండి. మన తెలుగు వాళ్ల ఇంటిపేరుతో వచ్చే తలనొప్పి అంతా ఇంతా కాదు. మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, డిగ్రీలో పూర్తిగా, ఆధార్‌లో చివర, పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీ. న్యూయార్క్ బోర్డు వాళ్ల కళ్లకి అది నలుగురు మనుషులు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు విడిగా సర్‌నేమ్ గడిలో పడేలా సరిచేయించుకోండి. డిగ్రీ మీద తేడా ఉంటే యూనివర్సిటీకి అర్జీ పెట్టండి. పట్టా చేతికి రాకముందైతే ఇది తేలిక, వచ్చాక అయితే అఫిడవిట్, గెజిట్ అంటూ ఇంకో ఆరు నెలలు.

అవనిగడ్డ చెల్లెమ్మా, నీ మెసేజ్‌లో ఏ సబ్జెక్టో రాయలేదు. అది రాసి పంపు, ఏ యూనివర్సిటీలు చూడాలో వచ్చే ఎపిసోడ్‌లో చెప్తాను. బ్యాంకు ఫారం మీద నాన్నగారిని అప్పటిదాకా సంతకం పెట్టొద్దను.